చుక్కి కాచిన చెలమ

అనగనగా ఒక మెట్టసీమ అడవిలో, వానాకాలంలో మాత్రమే పైకి కనబడే ఏరు ఒకటి ఉండేది. తక్కిన కాలమంతా దాని నీరు ఇసుక కింద దాగి ఉండేది. జంతువులు ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీరు తాగేవి. ఆ గుంటనే చెలమ అంటారు. చివర తాగినవారు దానిని ఇసుకతో కప్పి వెళ్లాలి. అది ఆ అడవి కట్టుబాటు.

ఒక ఏడు వానలు చాలీచాలకుండా కురిశాయి. కోరయ్య అనే అడవిపంది అందరినీ పిలిచింది. ఇసుక మన నీటిని దాచుకుంటోందని, దానిని తోడి గట్టున పోస్తే రోజూ తవ్వుకునే బాధ తప్పుతుందని చెప్పింది. నక్క వంత పాడింది.

ఆ మాట విని చుక్కి అనే దుప్పి ముందుకు వచ్చింది. దానికి పాలు మరవని కూన ఉంది. తల్లికి నీరు లేకపోతే కూనకు పాలుండవు.

"ఇసుక దొంగ కాదు కోరయ్యా, కావలి. అది లేకుంటే నీరు ఎండ నోట పడుతుంది" అన్నది చుక్కి.

"అలాగే వదినా. రేపటి నుంచి నీ కూనకు పాలకు బదులు ఇసుకే పెట్టు" అని నక్క వెక్కిరించింది.

అందరూ నవ్వి, తవ్వసాగారు. చుక్కి ఏటి వంపులో, ఇసుక మీద కూనతో పడుకుంది. అక్కడ తవ్వాలంటే తమను తొక్కి తవ్వుకొమ్మన్నది. ఆ వంపును మాత్రం వదిలేశారు.

నీరు బయటపడి తళతళలాడింది. కొంత ఎండ తాగింది. కొంత గాలి తాగింది. మిగిలినది కోరయ్య పొర్లిన బురద అయింది. నడివేసవికి ఏరు పొడవునా పగిలిన బంకమన్నే. ఒక ముసలి కుందేలు నీటి కోసం పగులులో మూతి పెట్టి, అలాగే ప్రాణం విడిచింది.

వంపులోని చెలమ మాత్రం ఊరుతూనే ఉంది. ఒక్కొక్కరే అక్కడికి వచ్చారు. చివరకు కోరయ్య వచ్చింది. కుందేలు గుర్తుకు వచ్చి చుక్కి గిట్టలు బిగిశాయి. అయినా దప్పిగొన్న నోటికి అడ్డు నిలవలేదు. కోరయ్య కడుపారా తాగి వెనుదిరిగింది. అప్పుడు చుక్కి దారికి అడ్డం వచ్చింది.

"తాగావు. ఇక కప్పు."

"ఒంట్లో సత్తువ లేదమ్మా. రేపు కప్పుతాను."

"ఏరంతా తోడిన సత్తువ, చెలమ కప్పడానికి లేదా? కుందేలుకు రేపు లేకుండా చేశావు. నా కూనకూ లేకుండా చేయనివ్వను."

కోరయ్య మూతితో ఇసుక నెట్టి చెలమను కప్పింది. ఆ తరువాత, ఎవరూ చెప్పకుండానే, గట్టున పోసిన ఇసుకను ఏటిలోకి నెట్టసాగింది. నక్క కూడా వచ్చి కాళ్లతో ఇసుక నెట్టింది.

చుక్కి వారిని మెచ్చుకోలేదు. తొలి వాన పడేదాకా గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంది.

నీతి: తాగే హక్కు అందరిదీ అయినప్పుడు, తాగిన చోటును కాపాడే బాధ్యత కూడా అందరిదే.