కోర్టు లేచేదాకా

నల్లరేగడి అడవిలో ఆ ఏడు వాగు కట్ట తెగింది. కట్టల శాఖవాళ్లు పిలిస్తే పోలమ్మ అనే గాడిద మట్టి మోసింది. కూలి ఉలవల్లో ఇస్తామన్నారు. కట్ట నిలబడింది కానీ ఉలవలు రాలేదు. అడిగితే, "నీ మట్టి సగం వానకు కొట్టుకుపోయింది. నీ లెక్క వివాదంలో ఉంది" అన్నారు. కట్ట ఉందట, మట్టి లేదట! వివాదం అనే మాట ఆ శాఖలో గాదెకు వేసే తాళం లాంటిది.

పోలమ్మ ఒకప్పుడు ఊరి రేవులో బట్టల మూటలు మోసి మోసి, వీపు పుండై, అడవికి పారిపోయి వచ్చిన మనిషి. మనిషేమిటి, గాడిద. వానలు పడేలోగా ఉలవలు చేతికి రాకపోతే, పిల్లను బతికించుకోడానికి మళ్లీ ఆ మూటల కిందికే పోవాలి. అదీ దాని బెంగ.

అందుకే కోర్టుకెక్కింది. ఆ అడవిలో తీర్పు చెప్పేది ఓ ముసలి దున్నపోతు. "వివాదం తర్వాత తేల్చుదాం. ముందు ఆ ఉలవలు కోర్టులో జమ చెయ్యండి. పోలమ్మ అందులోంచి తిండికి తీసుకుంటుంది" అని ఉత్తర్వు ఇచ్చింది.

కట్టల శాఖకు పెద్ద ఒక నక్క. కొండల అవతలి నుంచి బదిలీ మీద వచ్చింది. కోర్టు మొహం ఎన్నడూ చూడలేదు. ప్రతి వాయిదాకూ తన బదులు తొండను పంపేది. తొండల సంగతి తెలిసిందే కదా, ఎవరు అడిగినా, అడక్కపోయినా తల ఊపుతుంది. పెళ్లి మాటలకు తొండను వెంటబెట్టుకెళ్లిన కుందేలు కథ ఒకటుంది, ఇప్పుడొద్దు.

"ఉలవలు జమ చేస్తారా?" అని దున్న అడిగితే తొండ తల ఊపింది.

"వచ్చే వాయిదాకల్లా?"

మళ్లీ ఊపింది. కోర్టు గుమస్తా గోరింక, "హామీ ఇచ్చారహో!" అని నలుగురికీ చాటింది.

వాయిదా వచ్చింది, ఉలవలు రాలేదు. దున్నలకు కోపం నెమ్మదిగా వస్తుంది. వస్తే మాత్రం పోదు. కోర్టు ధిక్కారం కింద నక్కనే స్వయంగా రమ్మంది. తీసుకురావడానికి రెండు రేచుకుక్కలు వెళ్లాయి.

నక్క వచ్చి చూస్తే కోర్టు ఓ బురద మడుగు. మధ్యలో మెడదాకా మునిగి దున్న. గట్టు మీద పోలమ్మ, దాని పిల్ల, ఓ పక్కన తొండ.

"ప్రభూ, తల ఊపడం తొండ పుట్టుక. అది హామీ ఎలా అవుతుంది?"

"అయితే తల ఊపనివాణ్ణి పంపవలసింది."

"గాదె తాళం పైశాఖలో ఉంది ప్రభూ. ఫైలు కదులుతోంది."

"ఎటు?" అంది పోలమ్మ.

"గాడిదలు కూడా ప్రశ్నలు వేసే కాలం వచ్చింది!" అని నక్క మీసం దువ్వుకుంది.

దున్న చెవులు ఆడించింది. "ఒకటి కోరుకో. ఇప్పుడే ఉలవలు జమ చేస్తావా, కోర్టు లేచేదాకా ఈ గట్టు మీద కూర్చుంటావా?"

నక్క లోలోపల నవ్వుకుంది. కొండల అవతల కోర్టు నడిపేది ఓ నెమలి. మబ్బు పడితే చాలు, లేచి ఆడటానికి పోయేది. "శిక్ష శిరసావహిస్తాను ప్రభూ. కూర్చుంటాను."

పోలమ్మ గుండె జారిపోయింది. ఊళ్లో పెరిగింది కదా, ఊరి గేదెలు పొద్దు వాలగానే లేచి ఇంటికి పోవడమే దానికి తెలుసు. ఒక్క పూట కూర్చుని పోతే ఇక ఉలవలు ఏ జన్మకి? మూటల బరువు అప్పుడే వీపు మీదికి వచ్చినట్టయింది.

మిట్టమధ్యాహ్నం నక్క గోరింకను పిలిచింది. "ఏమ్మా, దొరవారు భోజనానికి లేవరా?"

"మేత ఇక్కడికే వస్తుందండీ."

"పోనీ, సాయంత్రానికి?"

"ఎండాకాలం కదండీ! దిగారంటే తొలకరి పడ్డాకే లేవడం. మీరు ఒక్క వాయిదాకి వచ్చి ఉంటే తెలిసేది."

నక్క మొహం మాడిపోయింది. సెక్షన్లు చదివింది, నీతులు చెప్పింది, చివరికి ఏడ్చింది. దున్నపోతు మీద వాన! మెల్లగా జారుకోబోతే రేచుకుక్కలు గుర్రుమన్నాయి. అప్పటికి పోలమ్మకు సంగతి బోధపడింది. నవ్వు ఆపుకోలేక గట్టిగా ఓండ్ర పెట్టింది.

"ఒరే తొండా! గాదె తెరిపించి ఉలవలన్నీ మోయించుకు రా!" అని నక్క అరిచింది.

తొండ తల ఊపింది.

"ఊపకురా, పరుగెత్తు!"

పొద్దు వాలకముందే బస్తాలు గట్టుకు చేరాయి. పైశాఖ తాళం సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇక సెలవిప్పించండి ప్రభూ" అంది నక్క.

"శిక్ష నువ్వు కోరుకున్నదే. మాఫీ కావాలంటే పోలమ్మను అడుగు."

అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. ఇక నక్క ఏపాటి? "పోలమ్మక్కా!" అంటూ కాళ్ల మీద పడింది.

"వెనక కాళ్లు వదలండి బాబూ, నాకు తన్నే అలవాటుంది. మట్టి కొట్టుకుపోయిందన్నారే, ఆ మాటేమైంది?"

"ఎక్కడ కొట్టుకుపోయింది తల్లీ! ప్రతి రవ్వా కట్టలోనే ఉంది. వివాదం లేదు, పాడూ లేదు. అన్నీ నీవే!"

"విన్నారా ప్రభూ?"

"విన్నాను. అన్నీ తీసుకో పోలమ్మా."

"అయితే ఈయన్ని పొమ్మనండి."

నక్క తోక ముడుచుకుని కొండదారి పట్టింది. పోలమ్మ ఓ బస్తా మూతి కొరికి, పిల్ల ముందు ఉలవలు పోసింది. తర్వాత చాలాకాలానికి హాయిగా నేల మీద పడి, కాళ్లు నాలుగూ పైకెత్తి దొర్లింది. దున్న మరో జానెడు బురదలోకి జరిగింది.

ఇవ్వవలసినదాని మీద కూర్చున్నవాడికి, లేవడం ఇంకొకరి చేతిలో ఉంటుంది.