తప్పిన ప్రాస

శిష్యులు ఏదైనా అడిగితే విస్సన్న పంతులుగారు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోయేవారు కాదు. కామేశం ప్రశ్న కూడా అలాగే చాలాకాలం నానింది.

కామేశం ఛందస్సులో గట్టివాడు. ప్రాస తప్పితే అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు ముఖం పెట్టేవాడు. ఏట్లో పడవ మునిగిపోయిన సంగతిని గురువుగారు కథాకావ్యంగా రాస్తే, దాన్ని పద్యం పద్యం విప్పి చూశాడు. జనం పడవ ఎక్కుతున్నప్పుడు నడక నిదానంగా సాగడం, నడి ఏట్లోకి వచ్చేసరికి పద్యాలు పొట్టివైపోవడం గమనించి మురిసిపోయాడు. తీరా ఒక కందం దగ్గర ఆగిపోయాడు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి కదా! మూడింట్లో 'త' ఉంది. మునిగిపోయిన పిల్ల పేరుతో మొదలైన నాలుగో పాదంలో మాత్రం 'ల' ఉంది.

"గురువుగారూ, ఇంతటి మీరు ప్రాస ఎలా తప్పారు?"

పంతులుగారు విననట్టే పుట తిప్పి తరువాతి పద్యం అందుకున్నారు.

ఏటా పడవ మునిగిన తిథినాడు, ఆ పిల్ల తండ్రి ఎర్రయ్య వచ్చి అరుగు మీద కూర్చుని ఆ కథ విని వెళ్లేవాడు. పిల్ల శవమైనా దొరకలేదు. అతనికి ఆ పద్యాలే తద్దినం. ఆ ఏడు పంతులుగారి గొంతు పట్టేసింది.

"నువ్వు చదవరా" అన్నారు.

కామేశం పొంగిపోయాడు. ఆ కందం రాగానే 'పోలమ్మ'ని 'పోతమ్మ' చేసి చదివేశాడు. మారింది ఒక్క అక్షరమే. గణం చెడలేదు, యతి చెడలేదు, ప్రాస చక్కగా కుదిరింది. పంతులుగారు చివాలున తలెత్తి చూస్తే, మెచ్చుకుంటున్నారనుకున్నాడు.

కథ అయిపోయింది. ఎర్రయ్య లేవలేదు. కళ్లు తుడుచుకోవడానికి తీసిన తువ్వాలు చేతిలో అలాగే ఉంది.

"అయిపోనాదేటి బాబూ? మా పోలమ్మ రానేదే!" అన్నాడు.

కామేశం సిగ్గుతో పుస్తకాన్ని గురువుగారి ముందుకు జరిపాడు. పంతులుగారే ఆ బొంగురు గొంతుతో కందం అందుకుని, తప్పిన ప్రాసతో సహా చదివారు. పేరు వినగానే ఎర్రయ్య తువ్వాలులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి తేరుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

అతను వీధి మలుపు తిరిగాక పంతులుగారు శిష్యుడి వైపు చూశారు.

"పిల్లని ఏరు పట్టుకుపోయిందిరా కామేశం. పేరొక్కటే ఒడ్డున పడింది."