ముందువాళ్లు పెట్టిన చిల్లు

ఆ రాజ్యంలో గళ్ల తలపాగాల పక్షం ఒక ఏడు పాలిస్తే, చారల తలపాగాల పక్షం నిలదీసేది. మరుసటేడు తారుమారు. ఏటిగట్టుకు పడిన గండి మాత్రం అలాగే ఉండేది. గద్దె మీద ఎవరున్నా, “అది ముందువాళ్ల నిర్వాకం” అనేవారు. పడవ నడిపే నూకాలుకు వినీ వినీ విసుగెత్తిపోయింది.

ఒకనాడు రెండు పక్షాల నాయకులూ గండి చూడటానికి ఆమె పడవెక్కారు. నడి ఏట్లో పడవ అడుగు నుంచి నీళ్లు ఉబికాయి.

“చిల్లు పూడ్చవే!” అని అరిచాడు గళ్ల తలపాగా ఆయన.

నూకాలు తెడ్డు ఒళ్లో పెట్టుకుంది. “ఇది నేను పెట్టింది కాదు బాబయ్యా. ముందు నడిపినోడి నిర్వాకం.”

“ఎవడిదైతేనేం! మునిగేది మనమేగా!” అన్నాడు చారల తలపాగా ఆయన.

“ఈ ముక్క కోసమే ఇన్నేళ్లూ చూశాను. తలపాగాలు తీయండి. ఒక్కటి చాలదు, రెండూ కావాలి.”

రెండూ కలిపి కుక్కితే నీళ్లు ఆగాయి. గట్టు చేరగానే నూకాలు తేల్చి చెప్పింది. “గండి పూడితేనే పడవ వెనక్కి కదిలేది.”

నాయకులు పళ్లు కొరుక్కుంటూ తమ మనుషుల్ని కేకేశారు. పొద్దు వాలేసరికి గండి పూడింది.

తిరుగు ప్రయాణంలో, “పూడ్చింది మేమంటే మేము” అని ఇద్దరూ మళ్లీ మొదలెట్టారు.

నూకాలు తెడ్డు పక్కన పెట్టింది. వంగి, చిల్లులోని తలపాగా కొస పట్టుకుంది.