నెత్తురు కారని దెబ్బ

ఊబి మధ్య దిబ్బ మీద అడవి సభ కూర్చుంది. గేదె నీలాలు తన మొగుడు పోలయ్యని వెంటబెట్టుకుని ఆ సభకి రావడం ఇది నాలుగోసారి. మూడుసార్లూ నిలబడి నిలబడి వెనక్కి పోయింది. అప్పుడెవరు ఆవలించారో కూడా ఆమెకి గుర్తే.

మొన్న వేసవిలో తాటిచెట్టు విరిగి పోలయ్య తల మీద పడింది. పుండు మానింది గానీ దున్న మునుపటి దున్న కాదు. నీళ్లకని బయల్దేరి ఎటో పోతాడు. సొంత దూడనే కొమ్ముతో నెట్టేశాడు. తలలోపలి సంగతులు తెలిసిన వైద్యుడు గుడ్లగూబ ఒక్కడే. అతనుండేది మూడు కొండల అవతల. అంత దూరం పంపితే పోలయ్య దారిలోనే తప్పిపోతాడు.

"ఆ వైద్యుణ్ణి నెలకోసారి ఇటు రప్పించేలా చట్టం చెయ్యండి దొరా," అంది నీలాలు. "నా ఒక్కదాని కోసం కాదు. కోతుల్లో ఇద్దరున్నారు, జింకల్లో ఒకతి ఉంది."

సింహం తన మంత్రి నక్క వైపు చూశాడు.

"నెత్తురు కారితేనే వైద్యం. చట్టం అదే," అన్నాడు నక్క. "ఎక్కడ కారుతోందో చూపించు."

"దెబ్బ లోపల తగిలింది మంత్రిగారూ."

"లోపలిది నాకెలా కనబడుతుంది? సరే, అడిగి చూద్దాం. ఏం పోలయ్యా, నీకు కాళ్లెన్ని?"

"నాలుగు."

"నీ పెళ్లాం పేరు?"

"నీలాలు."

"తోక ఎక్కడుంది?"

"వెనకాల."

సభంతా నవ్వింది. "మనకంటే బాగా చెప్పాడు. రాసుకోండి, పోలయ్య తల భేషుగ్గా ఉంది," అన్నాడు నక్క.

నీలాలుకి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "దాని మీద రాజముద్ర కూడా వేయించండి," అంది. ఆ మాట రాసిన బెరడు మీద సింహం పంజా గుద్దాడు.

అప్పుడామె నీళ్ల వైపు తల ఊపింది. మధ్యాహ్నం కురిసిన వానకి ఊబిలో దారి మునిగిపోయింది. ప్రతి వానాకాలం సభని ఒడ్డుకి దాటించేది పోలయ్యే.

"పొద్దు వాలుతోంది. మా మావ వెనక నడవండి. తల భేషుగ్గా ఉందిగా."

ఎవరూ కదల్లేదు.

"తేల్చింది నువ్వే. ముందు నువ్వు నడువు," అన్నాడు సింహం నక్కతో.

మొగుణ్ణి ఇలా అందరి ముందూ నీళ్లలోకి దింపాల్సి వచ్చినందుకు నీలాలు పళ్లు కొరుక్కుంది. నక్క వెనకాలే రాగా పోలయ్య పది బారలు సరిగ్గానే పోయాడు. ఆగాడు. "మనం ఎక్కడికి పోతున్నాం?" అని అడిగి ఎడమకి తిరిగాడు. దున్నకి బురద అలవాటే. నక్కకి మెడ దాకా వచ్చింది.

"వీడి బుర్ర చెడిపోయింది. నన్ను లాగండి."

"నెత్తురు కారట్లేదుగా మంత్రిగారూ," అంది నీలాలు దిబ్బ మీంచి.

"లోపల చెడింది తల్లీ, లోపల."

"ఇంకాస్త గట్టిగా. దొరగారికి వినబడాలి."

నక్క మూడుసార్లు అరిచాడు. సింహం పాత బెరడు చింపేసి కొత్తదాని మీద పంజా వేశాడు. ఇకనుంచి గుడ్లగూబ ప్రతి పున్నమికీ ఈ గట్టునే కూర్చోవాలి. ఆ ముద్ర పడ్డాకే నీలాలు నీళ్లలోకి దిగింది. నక్కని కొమ్ముతో పైకి లేపి, పోలయ్యకి భుజం ఆనించి, సభనంతా తన వెనక ఒడ్డుకి దాటించింది.

"దారి నీకూ తెలుసా?" అన్నాడు సింహం.

"పదేళ్లు ఆయన పక్కన నడిచాను. మీరెప్పుడు అడిగారు?"

గుడ్లగూబ వస్తున్నాడు. పోలయ్య ఇప్పుడు నీళ్లకని బయల్దేరి నీళ్లకే పోతున్నాడు, రోజూ కాకపోయినా. నక్క ఎదురుపడితే మాత్రం నీలాలు ఇవాళ్టికీ మొహం తిప్పేసుకుంటుంది.

లోపలి దెబ్బ లేదనేవాడు, ఆ దెబ్బ తిన్నవాడి వెనక ఊబిలో నడిచొచ్చి ఆ మాట అనాలి.