వడియాలకు తాటాకు రెప్పలు

అనగనగా ఒక ఊళ్ళో, మధ్యాహ్నం అందరూ నిద్రపోయి ఎవరూ నిద్రపోలేదని చెప్పుకునే ఊళ్ళో, పేరిందేవి అని ఒక కోడలు ఉండేది. ఆవిడ ఒక్కతే, "నేను పడుకుంటానండీ" అని నిజం చెప్పేది. అందుకే ఊరంతా ఆవిడకి బద్ధకస్తురాలని పేరు పెట్టింది.

ఒకరోజు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టి పడుకుంది. జల్లు పడింది. వడియాలు మళ్ళీ పిండయ్యాయి.

అప్పుడు అత్తగారు అచ్చాయమ్మ, "ఇంకో మూడు వాయిలు చూస్తాను. మూడోదీ పాడైందో, వేసవంతా కర్ర పుచ్చుకుని డాబా మీదే నీ కాపురం. నిద్ర మాట మరిచిపో!" అంది.

పేరిందేవి వెళ్ళి పెరట్లో దేవకాంచనం చెట్టు కింద కూలబడింది. అక్కడో ఎండుకాయ చెక్క, జంతికలా మెలితిరిగి ఉంది. విసుగ్గా బకెట్లో పడేసింది. కాసేపటికి అది చక్కగా సాపైంది. ఎండలో పెడితే మళ్ళీ మెలి. గోటితో చీల్చి చూస్తే రెండు పొరలు. ఒకదాని ఈనె ఇటు, రెండోదాని ఈనె అటు.

"ఓసి నీ తెలివి తగలెయ్య!" అంది పేరిందేవి.

ఆ తర్వాత ఎండకి తెరుచుకుని వానకి మూసుకునే మూత చేద్దామని, చింతపిక్కల జిగురుతో తాటాకులు రెండేసి పొరలుగా అతికి, వెదురు చట్రానికి రెప్పల్లా కట్టి, వడియాల మీద పెట్టింది. కానీ రెండు పొరల ఈనెలూ ఒకే వైపు పెట్టింది. రెప్పలు ఎండకీ కదల్లేదు, వానకీ కదల్లేదు. అచ్చం మన మునసబుగారే. వడియాలు నీడన బూజు పట్టాయి.

రెండోసారి ఈనెలు అడ్డదిడ్డంగా పెట్టింది. కానీ ఎండుటాకులు అతికింది. అవి ఎండలో సాపుగా పడుకుని, వానకి లేచి కూర్చున్నాయి. వడియాలకి ఎండపూట నీడ, వానపూట స్నానం. మర్యాదలకేం లోటు లేదు.

"కాయ పచ్చిగా ఉండగానే కదా పొరలు కట్టింది!" అనుకుని, మూడోసారి నానబెట్టిన ఆకులు తడిమీదే అతికింది. ఎండ తగలగానే రెప్పలు పైకి చుట్టుకున్నాయి.

"ఆకులు కాపలా కాస్తాయిటే? నేను కూర్చుంటా. నాకు నిద్రెక్కడిది!" అని అచ్చాయమ్మ కర్రతో డాబా ఎక్కింది. ఆవిడ గురకకి ఒక్క కాకి వాలితే ఒట్టు.

అప్పుడు వాన వచ్చింది. రెప్పలు ఒక్కొక్కటే వాలిపోయాయి.

పేరిందేవి సాయంత్రం లేచి పరుగెత్తింది. వడియాలు కరకరలాడుతున్నాయి. తడిసింది అత్తగారొక్కరే, కొప్పుతో సహా.

"నిద్రపట్టిందా అత్తయ్యగారూ?"

"చాల్లే! కళ్ళు మూసుకుని చూస్తున్నా." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఒసే, నా కొలతకి ఒకటి చెయ్యవూ?" అంది.

ఎండొస్తే చుట్టుకో, వానొస్తే పరుచుకో,
కథ కంచికి చేరింది, రెప్ప వాల్చి పడుకో.