కర్రెమ్మకి మళ్లీ రాని బొబ్బ

ఎర్రగుట్ట వాలులో గొర్రెలమంద ఒకటి ఉండేది. ఆ మందలో అందరికీ దూరంగా, చిట్టచివర మేసే నల్లగొర్రె పేరు కర్రెమ్మ. నిరుడు బొబ్బరోగం వచ్చి చావుదాకా వెళ్లి తిరిగొచ్చింది. పాలు తాగే పిల్ల మాత్రం దక్కలేదు. ముట్టె నిండా గుంటల మచ్చలు. ఏడాది గడిచినా, రోగం ఇంకా దాని ఒంట్లోనే దాక్కుని ఉందంటూ మందపెద్ద పొట్టేలు కొమ్ములయ్య దాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పాపం కర్రెమ్మ ఎదురు చెప్పేది కాదు గానీ, వేరేవాళ్ల పిల్లలు గంతులేస్తుంటే చూడలేక మొహం తిప్పుకునేది.

ఈ ఏడు బొబ్బ మళ్లీ దిగింది. మూడు పిల్లలు ఒళ్లు కాలిపోతూ పడిపోయాయి. కొమ్ములయ్య వాటిని వాగు పక్కన ముళ్లదొడ్డిలో వేరుగా పెట్టించాడు. తల్లులు లోపలికెళితే వాళ్లకీ అంటుకుంటుంది, వెళ్లకపోతే పిల్లలు దాహంతో మాడిపోతాయి. ఏం చెయ్యాలో తోచక మందంతా తలలు వేలాడేసుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే నక్క మాచయ్య దిగాడు, మొహమంతా జాలి పులుముకుని. తనకీ బొబ్బ వచ్చి తగ్గిందనీ, ఒకసారి వచ్చినవాడికి అది మళ్లీ రాదనీ, పిల్లల్ని తాను చూసుకుంటాననీ చెప్పి, వీపు తిప్పి మచ్చలు చూపించాడు. ఏ కంచెలో దూరితే గీరుకున్నవో వాడికే తెలియాలి. కొమ్ములయ్యకి ప్రాణం లేచొచ్చింది. సరేననబోయాడు.

కర్రెమ్మ నెమ్మదిగా ముందుకొచ్చింది.

“ఎంత బాధపడ్డావో కదా మావా. జబ్బున్నన్నాళ్లూ ఏం తిన్నావు?”

“నాకేమమ్మా, గట్టిపిండాన్ని. ఒక్కపూట మానలేదు. ఎముకలు కూడా నమిలాను.”

కర్రెమ్మ కొమ్ములయ్య వైపు తిరిగింది. “అయ్యా, బొబ్బ వస్తే నోరంతా పుండే. నీళ్లచుక్క తగిలినా మంటే. నా బిడ్డ పొదుగు ముందరే ఉండి, నోరు పెట్టలేక ఆకలితో పోయింది. ఈయన ఎముకలు నమిలాడట.”

కొమ్ములయ్య కొమ్ములు వంచేసరికి మాచయ్య గుట్ట అవతల తేలాడు.

“వాడు చెప్పినదాంట్లో ఒక్కమాట మాత్రం నిజం,” అంది కర్రెమ్మ. “ఈ బొబ్బ నాకు మళ్లీ రాదు. మొన్న జ్వరప్పిల్ల ఒకటి నన్నే ఆనుకుని పడుకుంది, నాకేం కాలేదు. దొడ్డిలోకి నేను వెళతాను. రేపు కాళ్లజబ్బు వస్తే మాత్రం నేనూ మీలాగే కుంటుతాను, అప్పుడు నన్ను పిలవకండి.”

పన్నెండు రోజులు ఆ పిల్లల్ని ముట్టెతో నెట్టి నెట్టి నీళ్లదాకా తీసుకెళ్లింది, ఎండకి అడ్డం నిలబడింది. రెండు బతికాయి. మూడోదాని పక్కన కూర్చుని, తన బిడ్డని కూడా తలుచుకుని ఏడ్చింది.

దొడ్డి తెరిచిన రోజు ఆ రెండూ మచ్చల మూతులతో తల్లుల దగ్గరికి పరిగెత్తి, మళ్లీ కర్రెమ్మ దగ్గరికే వచ్చాయి. వాగు దగ్గర కొమ్ములయ్య తాను పక్కకి జరిగి, కర్రెమ్మకి చోటిచ్చాడు. గుట్టమీద మాచయ్య ఖాళీ కడుపుతో అదంతా చూస్తూ కూర్చున్నాడు.

జబ్బుపడి లేచినవాళ్లని దూరం పెట్టేముందు, రేపు మన పిల్లల పక్కన కూర్చోగలిగేది వాళ్లేనని తలుచుకోండి.