బుల్లెయ్య కొరికిన వేరు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు గట్టున ఓ బొరియ. అందులో బుల్లెయ్య అనే పందికొక్కు, అతని పెళ్ళాం సూరమ్మ, వాళ్ళ నలుగురు పిల్లలు ఉండేవాళ్ళు.

బుల్లెయ్య చేతులు ఊరికే ఉండవు పిల్లలూ! తలుపు కిర్రుమంటే తనే సరిచేశాడు. సూరమ్మ "అబ్బో!" అంది. పిల్లలకి తీగతో ఉయ్యాల కట్టాడు. వాళ్ళు ఎగిరి గంతేశారు. ఇంకేం, మనవాడు మీసం మెలేశాడు. తనకి రాని పనంటూ లేదనుకున్నాడు.

ఇంతలో తొలకరి జల్లు పడింది. ఆ ఇంటి కప్పులోంచి లావుపాటి వేరొకటి కిందికి దిగి ఉంది. దాని వెంబడే నీళ్ళు టపటపా పిల్లల పక్క మీద పడ్డాయి.

"ఏమయ్యా, గోళ్ళతో బొరియలు తవ్వే అలుగు గౌరన్నని పిలుద్దాం. బొరియల పనికి వనసభ పరీక్ష పెట్టి ముద్ర వేసింది అతనికే కదా!" అంది సూరమ్మ.

"ముద్ర లేకపోతే పని రాదా? నా పళ్ళేమైనా అరిగిపోయాయా?" అని బుల్లెయ్య కస్సుమన్నాడు. ఆ వేరుని మొదలంటా కొరికి పారేశాడు. కన్నంలో బంకమట్టి కూరాడు. పైన నున్నగా అలికాడు. నీళ్ళు కారడం ఆగిపోయింది! సంబరంతో చంకలు గుద్దుకున్నాడు.

సూరమ్మ మాత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "గౌరన్న ఏ ఇల్లు బాగుచేసినా, ఆ తర్వాత వచ్చే మొదటి వానకి అందులో తనే కూర్చుంటాడు. ఈ వానకి నువ్వు కూర్చో. మేం మా అక్క ఇంట్లో ఉంటాం."

"ఓస్, అంతేనా! కూనిరాగాలు తీసుకుంటూ కూర్చుంటా!" అన్నాడు బుల్లెయ్య.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. లోపల ఒక్క చుక్క కారితే ఒట్టు! ఇంతలో బుల్లెయ్య ముక్కు మీద చిటికెడు మట్టి రాలింది. దులుపుకున్నాడు. వీపు మీద మట్టిగడ్డ పడింది. ఉలిక్కిపడి గుమ్మం వైపు ఉరికాడు. మూడోసారి కప్పంతా ధబ్బున కూలింది! నడుం దాకా మట్టిలో ఇరుక్కుపోయాడు.

"చచ్చానురో! గౌరన్నో!" అని కేకలు పెట్టాడు.

గౌరన్న వానలోనే పరుగెత్తుకొచ్చాడు. గోళ్ళతో మట్టి తవ్వి అతన్ని బయటికి లాగాడు.

"ఆ వేరు వెంట నీళ్ళు వచ్చిన మాట నిజమే తమ్ముడూ. కానీ కప్పుని పట్టి ఉంచిందీ అదే. గట్టు మీద చిన్న కాలవ తీసి ఉంటే నీళ్ళు పక్కకి పోయేవి," అన్నాడు.

బుల్లెయ్య వెనక్కి తిరిగి చూశాడు. పిల్లలు పడుకునే చోట పెద్ద మట్టిదిబ్బ.

"సూరమ్మ వాళ్ళని తీసుకెళ్ళకపోయి ఉంటే..." అంటూ బావురుమన్నాడు.

మర్నాడే గౌరన్న కొత్త బొరియ పని మొదలుపెట్టాడు. బుల్లెయ్య తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోస్తున్నాడు. చిన్న కూతురు ఎదురొచ్చింది.

"నాన్నా, కప్పు నువ్వెందుకు వెయ్యట్లేదు?"

"నాకు రాదు తల్లీ," అన్నాడు బుల్లెయ్య.

పుట్టి బుద్ధెరిగాక అతని నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. సూరమ్మ పకపకా నవ్వింది. బుల్లెయ్యా నవ్వేసి, ఇంకో తట్ట మట్టి ఎత్తుకున్నాడు.

నీతి: చిన్నాచితకా పనులు మన చేత్తో చేసుకుంటే ముచ్చటే. ఇంటిల్లిపాది ప్రాణం ముడిపడ్డ పనిని మాత్రం అది నేర్చినవాళ్ళకే అప్పగించాలి.